గోడకిటువైపు పచ్చిక

కొన్ని దృశ్యాలు చూడగానే మన కళ్లు చల్లబడతాయి. కళ్లు చల్లబడ్డాక, ఆ దృశ్యం వెనకాల ఏముందని అడగాలనిపించదు. నల్లగండ్లలోని శ్రీహరిత మెడోస్ అనే గేటెడ్ కమ్యూనిటీలో ఏప్రిల్ నెల ఉదయం అలాంటి దృశ్యమే. బయట రోడ్డు మీద తెల్లారకముందే వేడి మొదలవుతుంది. గేటు లోపల మాత్రం నాలుగు టవర్ల నడుమ పరిచిన పచ్చిక మీద స్ప్రింక్లర్లు గుండ్రంగా తిరుగుతూ నీళ్లు చిమ్ముతుంటాయి. బాల్కనీల్లో కాఫీ తాగేవాళ్లు ఆ పచ్చదనాన్ని ఫోటో తీసి బంధువులకు పంపుకుంటారు. పచ్చిక అంచున ఒక బోర్డు ఉంది: ‘గడ్డి మీద నడవరాదు.’ పిల్లలు ఆడుకోవాలంటే కింద పార్కింగులోకి పోవాలి. నడవడానికీ ఆడుకోవడానికీ పనికిరాని గడ్డిని ఎవరికోసం పెంచుతున్నట్టని అడిగినవాళ్లు లేరు.

ఆ బోర్డు పెట్టించింది విశ్వేశ్వరరావుగారు. గోదావరి డెల్టాలో పుట్టి, అక్కడే నీటిపారుదల శాఖలో సూపరింటెండెంటుగా పనిచేసి రిటైరైన మనిషి. కొడుకు చైతన్య, కోడలు ఉదయశ్రీ ఇద్దరూ హైటెక్ సిటీలో ఉద్యోగులు కాబట్టి భార్య పుణ్యవతితో ఇక్కడే స్థిరపడ్డారు. ఊరికే కూర్చోవడం చేతకాని ఆయనకు అసోసియేషన్ వాళ్లు తోట బాధ్యత అప్పగించారు. ఇక ఆయనకు వేరే లోకం లేదు. పొద్దున్నే లేచి గడ్డి దగ్గరికి పోవడం, ఎక్కడైనా అరచేతి మేర పసుపు రంగు కనిపిస్తే ఇంటికొచ్చి అన్నం సయించకపోవడం. “గడ్డిని చూసినంత ప్రేమగా నన్నెప్పుడైనా చూశారా?” అని పుణ్యవతి వేళాకోళమాడేది.

ఆయన్ని తప్పుపట్టడం తేలికే గాని, ఆయన కళ్లతో చూస్తే సంగతి వేరు. కాలువ గట్టున పెరిగిన కళ్లకు పచ్చగా లేని నేల చచ్చిన నేల. ఇక్కడేమో జానెడు మట్టి కింద బండ. ఆ బండ మీద నర్సరీ నుంచి చాపల్లా చుట్టి తెచ్చిన కార్పెట్ గడ్డి పరిపించారు. అది రెండు పూటలా తాగాలి, ఒక పూట తప్పితే ముఖం మాడ్చుకుంటుంది. దాని మధ్య తనంతట తాను మొలిచే గరికను మాత్రం కలుపు అని వేళ్లతో సహా పీకించేవారు. అదే గరికను వినాయకచవితికి పుణ్యవతి కూకట్‌పల్లి మార్కెట్లో కట్టగా కొనుక్కొచ్చేది. ఈ విడ్డూరం ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

ఆ ఏడు గడ్డికి మరో గౌరవం దక్కే అవకాశం వచ్చింది. చుట్టుపక్కల కమ్యూనిటీల సంఘం ఒకటి ఉత్తమ ఉద్యానానికి బహుమతి ప్రకటించింది. జూన్ ఐదున, పర్యావరణ దినోత్సవం నాడు, న్యాయనిర్ణేతలు వచ్చి చూస్తారు. అంటే రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండలో గడ్డి పచ్చగా ఉండాలన్నమాట. అప్పటికే కమ్యూనిటీలోని పాత బోర్లు మూలుగుతున్నాయి.

కొత్త బోరు వేయిద్దామన్నది విశ్వేశ్వరరావుగారే. పొద్దున లేస్తే కంప్యూటర్లతో మాట్లాడే మనుషులంతా ఒక ఆదివారం పడమటి గోడ దగ్గర గుమిగూడి, నీళ్ల జాడ చెప్పే మనిషి అరచేతిలో కొబ్బరికాయ ఎప్పుడు నిలబడుతుందా అని ఊపిరి బిగపట్టి చూశారు. గోడ మూలకు చేరగానే కాయ నిలబడింది. బోరు బండి వచ్చింది. తెల్లటి రాతిపొడి ఆకాశానికి లేచి, చాలాసేపటికి బురదై, చివరికి నీళ్లై ఎగజిమ్మింది. అందరూ చప్పట్లు కొట్టారు. చిన్నప్పుడు కాలువకు నీళ్లు వదిలిన రోజు గుర్తొచ్చి విశ్వేశ్వరరావుగారి కళ్లు చెమ్మగిల్లాయి. గోడకు అవతల ఏముందో ఆ వేళ ఎవరికీ గుర్తురాలేదు.

గోడకు అవతల పాత ఊరి బస్తీ ఉంది. ఆ బస్తీలో లింగమూర్తి బర్రెల కొట్టం ఉంది. ఇప్పుడు టవర్లు లేచినచోట ఒకప్పుడు అతని తాత జొన్న పండించాడు. భూములు పోయి నాలుగు బర్రెలు మిగిలాయి. లింగమూర్తి, అతని భార్య కిష్టమ్మ వాటినే నమ్ముకుని బతుకుతున్నారు. రోజూ పొద్దున మోపెడ్‌కు క్యాన్లు కట్టుకుని వచ్చి శ్రీహరిత మెడోస్‌లో కొన్ని ఇళ్లకు పాలు పోసేవాడు. ఆ పాలతో తోడుపెట్టిన పెరుగు కత్తితో కోసేంత గట్టిగా ఉంటుందని విశ్వేశ్వరరావుగారు వచ్చినవాళ్లందరికీ చెప్పేవారు.

కొత్త బోరు పడిన కొద్దిరోజులకే పాలు తగ్గాయి.

“ఏంటి లింగమూర్తీ, కొలత తగ్గించేశావు? ఇంకెవరికైనా పోస్తున్నావా?” అని అడిగింది పుణ్యవతి.

“లేదమ్మా. బర్లే తక్కువిస్తున్నయి. మా బస్తీ బోరు ఎత్తిపోయింది. వాటికి తాగనీకి నీళ్లు సరిగ దొర్కుతలేవు.”

విశ్వేశ్వరరావుగారు పేపరు మడుస్తూ నవ్వారు. “పోనీ కాసిని నీళ్లు కలిపి కొలత సరిచేయకపోయావా. పాలవాళ్లకి తెలియని విద్యా అది?”

“కలుపుదామన్నా నీళ్లేడున్నయి సార్?” అన్నాడు లింగమూర్తి.

చైతన్య పకపకా నవ్వి ఆ మాటను కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. మధ్యాహ్నానికి టవర్లన్నీ నవ్వాయి. లింగమూర్తి మాత్రం క్యాను మూత బిగించుకుని, నవ్వకుండానే మెట్లు దిగిపోయాడు.

తరువాత ఒక సాయంత్రం అతను తానే పచ్చిక దగ్గరికి వచ్చాడు. చెప్పులు విడిచి పక్కన నిలబడ్డాడు.

“సార్, మీరు పెద్దోళ్లు, ఒక మాట జెప్త. మీ బోరు వడ్డంక మా బోరు ఎండింది. మీది తప్పని అంటలేను. భూమిల నీళ్లు ఎవ్వని పేరు మీదా రాసి లేవు. గోడ మీదికెల్లి ఒక్క పైపు ఇప్పియ్యుండ్రి, పొద్దుగాల జరసేపు. డ్రమ్ములు నింపుకుంట. బర్లు దూపకు అరుస్తున్నయి సార్. ఇంట్ల పండుకోబుద్ధి గాదు.”

విశ్వేశ్వరరావుగారి మనసు కరిగింది. గేదె దాహం ఎలాంటిదో ఎరగని మనిషి కాదు. అసోసియేషన్ కార్యదర్శి సీతారామాంజనేయులుకు చెబితే ఆయన ఒప్పుకోలేదు. “ఇవాళ పైపంటారు, రేపు గోడకు గేటు పెట్టమంటారు. అయినా గడ్డికే చాలట్లేదని నిన్న మీరే కదండీ అన్నారు? బహుమతి సంగతి తేలేదాకా చుక్క కూడా బయటికి పోకూడదు,” అన్నాడు.

అక్కడ విశ్వేశ్వరరావుగారు గట్టిగా ఒక మాట అని ఉంటే సరిపోయేది. ఆయన మాటకు విలువ ఉంది. కాని ఆయన కళ్ల ముందు జూన్ ఐదు ఉంది. మర్నాడు లింగమూర్తి భుజం మీద చెయ్యి వేసి, “ఆ ఐదో తారీకు ఒక్కటి దాటనియ్యి. తర్వాత నేనే దగ్గరుండి పైపు వేయిస్తాను,” అన్నారు.

“అప్పటిదాంక బర్లు ఆగాలె గద సార్,” అని లింగమూర్తి చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

చదువుకున్నవాళ్లం మనం ఎవరికీ లేదని చెప్పం. తరువాత చూద్దామంటాం. ఆ మాట అన్నవాళ్లకు నిద్ర బాగా పడుతుంది. విశ్వేశ్వరరావుగారికి కూడా పట్టింది.

మే నెల నడిమికి పాలు ఆగిపోయాయి. ఫోను చేస్తే లింగమూర్తి ఎత్తలేదు. పాకెట్ పాలతో పుణ్యవతికి పెరుగు సరిగా తోడుకోవడం లేదు. “ఏవండీ, ఒకసారి వెళ్లి చూసిరండి. మనిషికి బాగోలేదేమో,” అందామె. ఆ బస్తీ కొడుకు ఫ్లాటు కిటికీలోంచి కనిపిస్తుంది. అయినా గోడకు దారి లేదు కాబట్టి మెయిన్ రోడ్డెక్కి, పెట్రోలు బంకు దాటి, వెనకనుంచి చుట్టి రావాలి. ఇన్నేళ్లలో ఆయన అటు వెళ్లడం అదే మొదటిసారి.

సందు మొదట్లో నీలం రంగు డ్రమ్ములు వరసగా పెట్టి ఉన్నాయి. ఒక్కోదాని మీద ఒక్కో ఇంటి పేరు తెల్లరంగుతో రాసి ఉంది. టాంకరు ఎప్పుడొస్తుందో తెలియక ఆడవాళ్లు గోడనీడన కూర్చుని ఉన్నారు. లింగమూర్తి కొట్టం ఎవరినీ అడక్కుండానే తెలిసింది. నాలుగు గుంజలు, వాటికి చుట్టిపెట్టిన పలుపుతాళ్లు, ఎండి నెర్రెలిచ్చిన కుడితి తొట్టి. పేడ వాసన కూడా ఎండిపోయింది.

కిష్టమ్మ లేచి కుర్చీ తుడిచి వేసింది. లోపలికి పోయి గ్లాసుతో నీళ్లు తెచ్చింది. “తాగుండ్రి సార్. కొన్న నీళ్లే, మంచిగనే ఉంటయి.”

ఆయన గ్లాసు పట్టుకున్నారు గాని పెదవికి ఎత్తలేకపోయారు. “గేదెలేవి కిష్టమ్మా?”

“మూడు అంగట్ల అమ్మేసినం సార్.”

“ఎవరు కొన్నారు?”

“ఈ ఎండల ఎవరు కొంటరు సార్? పాలకైతే ఎవరు కొనలే.” ఆమె కాసేపు తాళ్లవైపు చూసింది. “ఇంకోటి సూడిది. దాన్నన్న ఉంచుకుందమని మస్తు జూసినం. మా తాగే నీళ్లు గూడ దానికే పోసినం. ఓనాడు ఎండకు కూలవడ్డది, మళ్ల లేవలే. కడుపుల దూడ గూడ పాయె.”

గోడ అవతల స్ప్రింక్లర్లు తిరగడం మొదలుపెట్టాయి. ఆ చప్పుడు ఆయనకు ఎంతో ఇష్టమైన చప్పుడు. గాలి ఇటు మళ్లినప్పుడు సన్నటి తుంపర గోడ దాటి వచ్చి తొట్టి అంచు మీద పడింది. చూస్తుండగానే ఆరిపోయింది.

“బర్లున్నప్పుడు ఈ తుంపర వడంగనే గోడదిక్కు మొకం వెట్టి నిలవడేటియి సార్,” అంది కిష్టమ్మ. ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే విశ్వేశ్వరరావుగారికి కొంత తేలికగా ఉండేది.

“లింగమూర్తి ఏడీ?”

ఆమె ఆశ్చర్యంగా చూసింది. “మీ దగ్గర్నే ఉన్నడు గద సార్. ఏం జేస్తం, బతకాలె గద. వారమాయె, మీ గడ్డికి నీళ్లు వట్టే పనిల చేరిండు.”

ఆ పొద్దునే ఆకుపచ్చ టోపీ, యూనిఫాం వేసుకున్న కొత్తమనిషిని పిలిచి, “అదిగో, ఆ మూల ఎండిపోతోంది, బాగా పట్టు,” అని తానే చెప్పారు. ఆ మనిషి తల వంచుకుని “అట్లనే సార్” అన్నాడు. గడ్డిని అంత శ్రద్ధగా చూసిన కళ్లు ఆ టోపీ కింది ముఖాన్ని చూడలేదు. రోజూ గుమ్మంలో నిలబడి పలకరించిన గొంతును చెవులు పోల్చుకోలేదు.

ఇచ్చిన నీళ్లు తాగకుండా లేస్తే ఆ ఇంటిని చిన్నచేసినట్టవుతుంది. అందుకని బలవంతాన తాగారు. ఆ గ్లాసెడు నీళ్లు దిగడానికి చాలాసేపు పట్టింది.

తిరిగి వచ్చేసరికి నడినెత్తిన ఎండ. లింగమూర్తి పచ్చిక మూలన పైపు పట్టుకుని నిలబడి ఉన్నాడు. సగం నీళ్లు నేలను తాకకముందే ఆవిరైపోతున్నట్టున్నాయి.

“లింగమూర్తీ, అంత కష్టమొస్తే నాతో ఒక్క మాట చెప్పలేకపోయావా?”

“చెప్పిన గద సార్,” అన్నాడు అతను.

లింగమూర్తి పైపు ఇంకో పక్కకు తిప్పాడు.

“బర్రె తాగుతుంటే గొంతుల చప్పుడు ఇనవడ్తది సార్. కడుపు నిండిందని మనకు ఎర్కయితది. గీ గడ్డికి ఎంత పోసినా నిండినట్టు ఎర్కగాదు.”

ఆయన వెళ్లి తన చేతులతో వాల్వు కట్టేశారు. పచ్చిక మీద చప్పుడు ఆగిపోయింది. వాల్వు చక్రం మీద చెయ్యి అలాగే ఉండగా, ఎన్నో ఏళ్లుగా మరిచిపోయిన ఒక పని ఆయనకు గుర్తొచ్చింది.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ప్రతి వేసవికీ ముందు ఒక ప్రకటన తయారుచేయడం ఆయన పని: ఫలానా తేదీ నుంచి కాలువలు కట్టివేయబడును. రైతులు గమనించవలెను. అంతటి గోదావరి పక్కన ఉండి కూడా ఎండాకాలంలో కాలువలు కట్టేసేవారు. కాలువ అడుగున పిల్లలు గోళీలాడేవారు. చేలు బీటలు తీసేవి, గట్ల మీద గడ్డి రాగిరంగుకు తిరిగేది. ఎవరూ బెంగపడలేదు. జూన్‌లో నీళ్లు వదిలాక నాలుగు రోజుల్లో ఊరంతా మళ్లీ పచ్చగా లేచేది. కాలువల దేశంలో నేలకు వేసవి విశ్రాంతి ఇచ్చిన మనిషి, కాలువే లేని ఈ బండనేల మీద ఒక్క పూట కూడా విశ్రాంతి ఇవ్వలేదు. తన ఊరి నుంచి పచ్చదనాన్ని తెచ్చుకున్నారు గాని, ఆ పచ్చదనాన్ని నిలిపిన పద్ధతిని అక్కడే వదిలేసి వచ్చారు.

ఆ ఆదివారం క్లబ్‌హౌస్‌లో సర్వసభ్య సమావేశం జరిగింది. వాల్వు ఎందుకు కట్టేశారని అడగడానికే చాలామంది వచ్చారు. విశ్వేశ్వరరావుగారు లేచి నిలబడ్డారు. గోడ అవతల చూసిందంతా దాచకుండా చెప్పారు. పైపు అడిగినప్పుడు తానేమన్నారో అదీ చెప్పారు.

“పాలల్లో కలపడానికి నీళ్లు లేవని అతనంటే మనం నవ్వుకున్నామండి. అది నిజమని మనలో ఒక్కరికీ అనుమానం రాలేదు. మా ఊళ్లో నదిని పక్కన పెట్టుకుని కూడా వేసవిలో నేలను ఎండనిచ్చేవాళ్లం. ఎండటం నేలకు జబ్బు కాదు, నిద్ర. ఆ నిద్రను మనం చావనుకుని భయపడ్డాం. మన భయానికి అవతలి బోరు ఎండింది. ఈ గడ్డిని వానలదాకా వదిలేద్దాం. కొంత చస్తుంది, చావనివ్వండి. ఆ చోట ఈ నేలలో పుట్టిన గరిక వస్తుంది. కొత్త బోరు నీళ్లు బస్తీకి ఇద్దాం. ఇది దానం కాదు. మనం తీసుకున్నది తిరిగి ఇవ్వడం.”

“మరి బహుమతి సంగతేంటండీ? పేరు కూడా ఇచ్చేశాం,” అన్నాడు సీతారామాంజనేయులు.

వెనక వరసలోంచి ఉదయశ్రీ లేచింది. మామగారి ఎదుట నలుగురిలో మాట్లాడటం ఆమెకు అలవాటు లేదు. “ఆ గడ్డి మీద మన పిల్లలు ఒక్కరోజైనా ఆడారా అంకుల్?” అని అడిగి కూర్చుంది.

అందరూ సంతోషంగా ఒప్పుకున్నారని రాస్తే అబద్ధమవుతుంది. పెద్దాయనకు చాదస్తమని గ్రూపులో ఎవరో రాశారు. ఫ్లాట్ల విలువ పడిపోతుందని కొందరు గొణిగారు. చివరికి సీతారామాంజనేయులే, “సరే, వేయించండి. రేపు అతను మళ్లీ గేదెల్ని తెచ్చుకుంటే నా ఇంటికీ పాలు కావాలిగా,” అని తల వంచుకుని సంతకం పెట్టాడు. చైతన్య ఆ రాత్రి గ్రూపులోని తన పాత హాస్యాన్ని తీసేద్దామని చూశాడు. చాలాకాలమైంది కాబట్టి అది తీయడానికి వీల్లేకుండా పోయింది.

జూన్ ఐదున న్యాయనిర్ణేతలు వచ్చి, రాగిరంగు పచ్చికను గేటు దగ్గర్నుంచే చూసి వెళ్లిపోయారు. బహుమతి వేరేవాళ్లకు దక్కింది. మృగశిర కార్తెలో మొదటి వాన పడింది. ఎండిపోయినచోట్ల ఎవరూ నాటని గరిక కణుపు కణుపునా చిగురించి, వేసవి నుంచి కోలుకుంటున్న నేలను మెల్లగా కప్పేసింది. బోర్డు తీసేశారు. పిల్లల కాళ్ల కింద గరిక నలుగుతోంది, మళ్లీ లేస్తోంది. ఆ ఏడు వినాయకచవితికి పుణ్యవతి మార్కెట్‌కు పోకుండా కిందికి దిగి పూజకు గరిక కోసుకుంది.

చవితి మర్నాడు విశ్వేశ్వరరావుగారు ఉండ్రాళ్లు పట్టుకుని, చైతన్యను వెంటబెట్టుకుని కిష్టమ్మ ఇంటికి వెళ్లారు. ఈసారి చుట్టూ తిరగనక్కర్లేదు. పైపు కోసం కొట్టిన గోడలో చిన్న తలుపు పెట్టారు. కొట్టంలో తొట్టి నీళ్లతో నిండుగా ఉంది. గుంజలు మాత్రం ఖాళీ.

“బ్యాంకులో మాట్లాడాను లింగమూర్తీ. మళ్లీ రెండు గేదెల్ని తెచ్చుకో. పూచీ నాది,” అన్నారు.

లింగమూర్తి తొట్టిలో చెయ్యి ముంచి నీళ్లు కదిలించాడు.

“వద్దు సార్. మీరు మంచిగనే అంటున్నరు. కని మళ్ల ఎండకాలం రాదా? నాకు ధైర్యం చాలుతలేదు.”

ఆయన ఉండ్రాళ్లు కిష్టమ్మ చేతికిచ్చి బయటికి వచ్చారు. గోడ తలుపులోంచి వాననీటికి నిగనిగలాడుతున్న గరిక కనిపించింది. ఆ గడ్డిని చూసి జీవితంలో మొదటిసారి ఆయనకు సంతోషం కలగలేదు. వెనకనే వచ్చిన చైతన్య చేతిని పట్టుకుని మెల్లగా అన్నారు:

“ఎండిన గడ్డిని వానొచ్చి లేపుతుందిరా. మనవల్ల ఎండిన మనిషిని లేపడం ఏ వాన తరమూ కాదు. అందుకే మన కుళాయి తిప్పేముందు గోడ అవతలికి ఒక్కసారి చూడాలి.”